30×40 సైటులో మండువానా, గవాక్షా?

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ చుట్టుపక్కల సైటు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ప్లాను గీయించుకోవడానికి కూర్చోగానే బయటపడే కోరికల్లో మండువా ఒకటి. కోస్తావాళ్ళు తాతల ఇల్లు గుర్తొచ్చి అడుగుతారు, మిగతావాళ్ళు సినిమాల్లో చూసి ముచ్చటపడి అడుగుతారు. ఇంటి నడుమ కాస్త ఆకాశం కావాలనుకోవడం మంచి కోరికే, దాన్ని నేను తేలిక చేయను. కానీ నీలాద్రి నగర్లోనో, దొడ్డతోగూరులోనో, అనంతనగర్లోనో మనకు దొరికే 30×40 సైటుకు దారి చూపగలిగేది మండువా లోగిలి కాదు. రాయలసీమ మిద్దె పైకప్పులో ఉండే గవాక్షి. ఈ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూడకుండా ప్లాను మీద సంతకం పెట్టొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మండువా లోగిలి వానలు బాగా కురిసే నేల మీద, స్థలానికి కరువు లేని ఊళ్ళలో పుట్టింది. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. నాలుగు చూరుల నుంచీ జారిన నీళ్ళు నడిమి పల్లంలో పడి, తూము గుండా బయటికి పోతాయి. చూరు ఏడెనిమిది అడుగుల ఎత్తులోనే ఉంటుంది. తెరపి పది పన్నెండు అడుగులు, కలిగినవారి ఇళ్ళలో ఇంకా ఎక్కువ. ఈ నిష్పత్తిని మనసులో ఉంచుకోవాలి, ఎందుకంటే ఆ ఇంటి అందమంతా ఇందులోనే ఉంది. తెరపి వెడల్పు చూరు ఎత్తు కంటే ఎక్కువ కాబట్టి చలికాలపు వాలు ఎండ కూడా నేల దాకా దిగుతుంది. చుట్టూ వసారా, వసారా వెనక గదులు. వంటింట్లోంచి చూస్తే వీధి గుమ్మం కనబడుతుంది. వడ్లు ఎండినా, పెళ్ళి జరిగినా, మంచాన పడ్డ ముసలమ్మ పొద్దు గడవాలన్నా అన్నిటికీ చోటు అక్కడే.

మిద్దె కథ వేరు. అనంతపురం జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అంత తక్కువ వానకు వాలు కప్పు అవసరం లేదు. దూలాల మీద దంతెలో బండలో పరిచి, పైన చవుటి మన్ను వేసి దిమ్మిస చేస్తే మిద్దె తయారు. పడ్డ కొద్ది నీళ్ళు దోనెల్లోంచి వీధిలోకి పోతాయి. పైన మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు, వేసవి రాత్రి పడుకోవచ్చు. ఊళ్ళలో ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. పక్క గోడలకు కిటికీలు పెట్టే వీలు లేదు, పెట్టినా వడగాలి, దొంగల భయం. అందుకని వెలుతురును పై నుంచి దించుకున్నారు. పడసాలలో ఒకటి, వంటింట్లో ఒకటి, అడుగో అడుగున్నరో ఉండే కంత, అదే గవాక్షి. వానొస్తే మిద్దెక్కి బండతోనో రేకుతోనో మూసేవారు, తర్వాతి కాలంలో అద్దం బిగించారు. పొయ్యి పొగ అందులోంచే పోయేది. ఎండ బిళ్ళ ఏ గోడ మీద ఉందో చూసి పొద్దెంతయిందో చెప్పే ఆడవాళ్ళు ఉండేవారు.

ఇప్పుడు మన సైటు చూద్దాం. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్ ఆర్.కె. బాళిగ పూనికతో కోనప్పన అగ్రహారం, దొడ్డతోగూరు ఊళ్ళ 332 ఎకరాల్లో ఎలక్ట్రానిక్ సిటీకి పునాది వేసింది. చుట్టూ ఉన్న రాగి చేలు తర్వాతి దశాబ్దాల్లో లేఅవుట్లయ్యాయి. ఆ లేఅవుట్లలో మధ్యతరగతికి అందే కొలత 30 అడుగుల ముఖం, 40 అడుగుల లోతు. అంటే 1200 చదరపు అడుగులు. నిబంధనల కోసం పక్కల మూడేసి అడుగులు వదిలారనుకుందాం. 24 అడుగులు మిగులుతాయి. తొమ్మిదంగుళాల గోడలు రెండు పోతే ఇరవై రెండున్నర. నడుమ ఎనిమిదడుగుల మండువా పెట్టి, దానికి రెండు పక్కలా నాలుగున్నర అంగుళాల గోడలు కడితే, అటూ ఇటూ గదికి ఏడడుగులు కూడా దక్కవు. ఆరడుగుల మంచం వేశాక బీరువా తలుపు తీయడానికి చోటుండదు. మండువాను ఒక పక్కకి జరిపితే గదులు బతుకుతాయి, నిజమే. కానీ అప్పుడది నాలుగు వైపులా ఇల్లున్న లోగిలి కాదు, పొరుగింటి గోడను చూస్తూ కూర్చునే సందు.

ఎండ లెక్క ఇంకా కఠినం. ఎలక్ట్రానిక్ సిటీ దాదాపు 12.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు మూడో వారంలో నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 54 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. మూడంతస్తుల ఇల్లంటే ముప్పై అడుగుల గోడలు. ఎనిమిదడుగుల తెరపిలోంచి ఆ ఎండ ఉత్తరపు గోడ మీద పదకొండు అడుగులు దిగి ఆగిపోతుంది. పై అంతస్తులో ఉన్నవాళ్ళకు ఎండ, కింద పూజగది ముందు తులసికోటకు చీకటి. నేలను తాకడమంటూ జరిగితే మార్చి మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా, అదీ మిట్టమధ్యాహ్నం కాసేపే, అందులోనూ సగం నెలలు మబ్బు. పాత మండువాలో తెరపి ఎత్తును మించి ఉండేది, ఇక్కడ ఎత్తు తెరపికి దాదాపు నాలుగు రెట్లు. పేరు ఒకటే అయినా పనిచేసే తీరు తలకిందులైంది.

పైగా ఇక్కడి మండువా ఎన్నాళ్ళు తెరిచి ఉంటుంది? గృహప్రవేశమైన ఏడాదికల్లా ఇనుప గ్రిల్లు వస్తుంది, దోమలకు జాలీ వస్తుంది. మే నెల గాలివానకు హాలు తడిశాక పాలికార్బనేట్ రేకు వస్తుంది. మూత పడ్డ మండువా నిజానికి ఒక పెద్ద గవాక్షి. దాన్ని మొదటి నుంచీ గవాక్షిగానే గీసి ఉంటే, ఒక్కో అంతస్తులో 64 చదరపు అడుగులు మిగిలేవి, రేకు కింద చేరిన వేడికి పోయే దారి కూడా ముందే ఆలోచించి ఉండేవారు.

అయితే ఆ ఎండ లెక్క గవాక్షికి మాత్రం వర్తించదా అని మీరు అడగాలి. వర్తిస్తుంది. ముప్పై అడుగుల లోతుకు నేరు ఎండను ఏ కంతా దించలేదు. తేడా మనం దాని నుంచి కోరేదానిలో ఉంది. మండువా బతకడానికి తనకంటూ నేల కావాలి. గవాక్షికి అక్కర్లేదు, ఇంట్లో ఎలాగూ ఉండి తీరాల్సిన చోటు మీద దాన్ని కూర్చోబెట్టవచ్చు. ఆ చోటు మెట్లు. రెండు వరసల మెట్ల నడుమ రెండు రెండున్నర అడుగుల ఖాళీ వదిలి, పైన హెడ్ రూముకు అద్దాల కప్పు, పక్కల తెరుచుకునే లూవర్లు పెడితే, తెల్ల సున్నం గోడ మీద పడి చెదిరిన వెలుతురు కింది హాలు దాకా వస్తుంది. మూడంతస్తుల వేడిగాలీ అదే దారిన పైకి పోతుంది.

ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా ఈ రెండు దారుల్లోనూ నడిచాడు. 1961–62లో అహ్మదాబాద్‌లో కట్టిన ట్యూబ్ హౌస్ వెడల్పు పన్నెండు అడుగులే. పక్క గోడలకు కిటికీల్లేని ఆ ఇరుకింట్లో ఏటవాలు కప్పు వెంబడి వేడిగాలి పైకెక్కి, శిఖరాన ఉన్న కంతలోంచి బయటపడేలా గీశాడు. 1980ల రెండో సగంలో బెంగళూరు కోరమంగలలో తనకోసం కట్టుకున్న ఇంటికి మాత్రం నడుమ ముంగిలి పెట్టుకున్నాడు, ఎందుకంటే అక్కడ విశాలమైన స్థలం ఉంది. మనవాళ్ళు కోరమంగల ఇంటిని చూసి మురిసిపోతారు. నేనైతే 30×40 వాళ్ళకు ట్యూబ్ హౌస్ సెక్షన్ చూపిస్తాను. అది తన ఇరుకును ఒప్పుకుని మొదలైన ఇల్లు.

మండువా గెలిచే చోట్లు కూడా ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. అన్నిటికంటే పెద్దది మనిషికి మనిషి కనబడడం. గుంటూరు నుంచో కడప నుంచో ఆర్నెల్లకోసారి వచ్చే అమ్మానాన్నలకు ఈ ఊళ్ళో భాష పూర్తిగా రాదు, పక్కింటివాళ్ళు పొద్దున పోతే రాత్రికి గాని రారు. వాళ్ళను రెండో అంతస్తు గదిలో పెడితే ఇల్లు హాస్టలైపోతుంది. గవాక్షి వెలుతురిస్తుంది గాని మనుషుల్ని కలపదు. ఆ పని ప్లానే చేయాలి. కింది అంతస్తులోనే పెద్దల గది, దానికి ఆనుకుని బాత్రూం, గది తలుపు తీస్తే వంటిల్లు, భోజనాల బల్ల కనబడాలి. దానికి చోటెక్కడిదంటారా? 2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా ఎల్లో లైన్ మెట్రో నడవడం మొదలైంది. స్టేషనుకు నడిచి వెళ్ళగలిగే ఇంటికి రెండో కారు పార్కింగ్ తప్పనిసరి కాదు. ఆ ఎనిమిది పదహార్ల జాగా ఒక తల్లి గదికి ఇవ్వడం కంటే మంచి ఖర్చు నాకు తోచడం లేదు.

మండువాలోని ఆ కలుపుగోలుతనమే ఇప్పుడు ఇబ్బందీ అవుతుంది. 2020 నుంచి ఇల్లే ఆఫీసయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ కాల్స్‌లో ఉంటారు, పిల్లకు పరీక్షలు. అన్ని గదులూ తెరిచిన నడిమి చోటులోకి చూస్తే కుక్కర్ కూతా, టీవీ సీరియలూ మూడంతస్తులకూ చేరతాయి. మిద్దె ఇంట్లో ఒక్కో గదికి ఒక్కో గవాక్షి, గోడ మాత్రం గోడగానే ఉండేది. పై అంతస్తు చదువు గదికి విడిగా ఒక రెండడుగుల స్కైలైట్ పెట్టుకోవడానికి ఆ పద్ధతే ఆధారం.

నీళ్ళ విషయంలో మిద్దెను వదిలి మండువా దగ్గరికే పోవాలి. దోనెలోంచి వీధిలోకి వదిలేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. బెంగళూరులో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్లు కురుస్తుంది. 1200 చదరపు అడుగుల మీద అది లక్ష లీటర్లు దాటుతుంది. 2009 చట్టసవరణ తర్వాత జలమండలి పరిధిలో ఈ కొలత సైటులో కట్టే కొత్త ఇంటికి వాన నీటి ఏర్పాటు తప్పనిసరి చేశారు. చాలామంది దాన్ని ఒక పైపు, ఒక డ్రమ్ముతో సరిపెడతారు. 2024 వేసవిలో బోర్లు ఎండి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన ఊరిది. టెర్రస్ వాలు ఎటు, దిగుడు పైపు ఎక్కడ, వడపోత ఎక్కడ, సంపులోకి ఎంత, ఇంకుడు బావిలోకి ఎంత అన్నవి గదుల కొలతలతో పాటే ప్లానులో పడాలి. వాన ఇంటి లోపలికి రావాల్సిన అతిథి అన్న పాత లోగిలి పట్టింపు ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

వాస్తు మాట ఎత్తకుండా తెలుగింటి ప్లాను పూర్తికాదు. మండువా వైపు వాదించేవాళ్ళు బ్రహ్మస్థానం ఖాళీగా ఉండాలంటారు. ఉండనివ్వండి, అక్కడ భోజనాల చోటు పెట్టండి. మెట్లు ఈశాన్యంలో, నడిమధ్యన వద్దంటారు, దక్షిణమో పడమరో మేలంటారు. తూర్పు ముఖం సైటులో దక్షిణపు గోడ నడిమి భాగం పొరుగింటికి మూడడుగుల దూరంలో ఉండే చీకటి చోటు. కిటికీ పెట్టినా ఫలితం లేని ఆ చోటుకే మెట్లూ గవాక్షీ వెళ్తే సిద్ధాంతిగారికీ అభ్యంతరం ఉండదు, ఇంటికీ వెలుతురు వస్తుంది.

అసలు గొడవ అద్దెతో వస్తుంది. ఈఎంఐ కోసం రెండు అంతస్తులు అద్దెకివ్వాలనుకుంటే మెట్లు ఇంటి బయటికి, ముందువైపుకి పోతాయి. మెట్లు బయటికి పోయిన మరుక్షణం ఇంటి నడుమ వెలుతురు పోయినట్టే. నాలుగు గదులూ పగలే లైట్లు వేసుకుని కూర్చుంటాయి. అద్దె తప్పదనుకుంటే పై అంతస్తు ఒక్కటీ అద్దెకు ఉంచి, దానికి బయట ఇరుకు మెట్లు, కింది రెండింటికీ లోపల మెట్లు పెట్టుకోండి. పై అంతస్తును దక్షిణం వైపు మెట్లంత మేర వెనక్కి తగ్గిస్తే గవాక్షి మొదటి అంతస్తు కప్పులోనే కూర్చుంటుంది. లోతు ఇరవై అడుగులకు తగ్గుతుంది, వెలుతురు పెరుగుతుంది. అద్దె గది ఒకటి చిన్నదవుతుంది, నెలకు కొన్ని వేలు తగ్గుతాయి. ఇదంతా మేస్త్రీ సున్నంతో ముగ్గు పోయకముందే తేలాలి. పిల్లర్లు లేచాక, స్లాబుకు సెంట్రింగ్ కొట్టాక మెట్లు జరపమంటే ఎవరి తరమూ కాదు.