ప్రాస తప్పిన ద్విపద

ద్విపద లక్షణం బడిపిల్లలకు కూడా తెలుసు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం యతిస్థానం. రెండు పాదాలకూ ప్రాస. ఈ చివరి నియమం తప్పితే ఏమవుతుంది? మన లాక్షణికులు దాన్ని చెడిపోయిన ద్విపద అనలేదు. మంజరి అన్నారు. అంటే పూలగుత్తి. ఉండవలసింది లేకపోతే దోషమని చెప్పే శాస్త్రమే ఇక్కడ ఆ లేమికి ఒక అందమైన పేరు పెట్టి, ఛందస్సుల వరసలో చోటిచ్చింది. పల్నాటి వీరచరిత్ర నడిచింది ఈ మంజరీ ద్విపదలోనే.

దాని కర్త శ్రీనాథుడని ప్రసిద్ధి. కాదనే పండితులూ ఉన్నారు. ఆ తగాదాతో మనకిక్కడ పనిలేదు. శ్రీనాథుడే అనుకుంటే విషయం మరింత ఆసక్తికరంగా ఉంటుంది. శృంగార నైషధం రాసిన చెయ్యి అది. శ్రీహర్షుడి సమాసాలను తెలుగు వృత్తాల్లోకి దించిన చెయ్యి. ప్రాస కుదరక వదిలేశాడని అతన్ని ఎవరూ అనలేరు. పల్నాటి రాళ్లనూ జొన్నకూడునూ వెక్కిరించే చాటువులు కూడా అతని పేరనే చెలామణిలో ఉన్నాయి. వెక్కిరింపుకేమో నిండు పద్యం, వీరుల కథకేమో ప్రాసలేని ద్విపద! కారణం కథలోనే ఉందని నా అభిప్రాయం. పన్నెండో శతాబ్దపు యుద్ధం అప్పటికే జనం నోట పడి, రాత్రులకు రాత్రులు పాడుకునే కథ అయింది. దానికి తనదైన నడక ఉంది. అది రెండో అక్షరం దగ్గర ఆగి ప్రాస వెతుక్కునే నడక కాదు. కవి తన పాండిత్యాన్ని ఆ నడకకు ఒప్పగించాడు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మన సాహిత్య సభల్లో ‘లోపం’ అనే మాట వినపడినంతగా మరో మాట వినపడటం లేదు. కథ చదవగానే మొదలవుతుంది. శిల్పలోపం, అవగాహనా లోపం, పాత్రచిత్రణలో లోపం, ముగింపులో నిరాశావాదం. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు. చాలామంది మంచి చదువరులు. కాని విన్న కొత్త రచయితల్లో సగంమంది రెండో కథ తీసుకురావడం లేదు. వస్తువూ శిల్పమూ దృక్పథమూ అన్నీ కుదిరిన రచన చేతికొచ్చేదాకా బయటపెట్టకూడదనే భయం పట్టుకుంది వాళ్లను. ఈ భయం కలం పట్టినవాడి సొంత పిరికితనమని తేల్చేస్తే సరిపోదు. దాన్ని పెంచి పోషిస్తున్నది విమర్శ.

పూర్వ విమర్శకులు ఈ విషయంలో మనకన్నా ఉదారులు. మమ్మటుడు కావ్యప్రకాశంలో కావ్యానికి నిర్వచనం చెబుతూ, శబ్దార్థాలు దోషం లేనివిగా ఉండాలన్నాడు. సాహిత్యదర్పణం రాసిన విశ్వనాథుడు దాన్ని ఒప్పుకోలేదు. దోషం బొత్తిగా లేకుండా ఉంటేనే కావ్యమంటే, లోకంలో కావ్యమే అరుదైపోతుందన్నాడు. పురుగు తొలిచినంత మాత్రాన రత్నం రత్నం కాకపోదు గదా అని అతని వాదం. వీళ్లందరికన్నా ముందే ఆనందవర్ధనుడు ఇంకా లోతైన మాట చెప్పాడు. కవికి చదువు చాలక వచ్చిన దోషాన్ని అతని శక్తి కప్పేస్తుంది. శక్తి చాలక వచ్చిన దోషం మాత్రం చూడగానే బయటపడుతుంది. అవ్యుత్పత్తి వేరు, అశక్తి వేరు. మన సభల్లో జరుగుతున్న పొరపాటు ఏమిటంటే, మొదటిది కనపడగానే రెండోదాని తీర్పు చెప్పేయడం.

కారెంపూడికి వద్దాం. నాగులేటి ఒడ్డున వీరుల గుడి దగ్గర కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఆ కథ పాడే హక్కు వీరవిద్యావంతులది. వాళ్లు మాలలు. బ్రహ్మనాయుడి చాపకూడులో కూర్చున్నవాడు, అతని సైన్యానికి ముందు నిలిచినవాడు కన్నమదాసు కూడా మాలవాడే. అంటే తమ వీరుడి కథను తామే కాపాడుకుంటున్న గాయకులన్నమాట. ఒక చేత కత్తి పట్టుకుని, పంబ మోతకు అడుగులేస్తూ పాడే ఆ పాటను అచ్చులో పెట్టి చూడండి. అలంకారశాస్త్రం చెప్పిన దోషాల్లో సగం దొరుకుతాయి. చెప్పిందే మళ్లీ చెప్పడం, కథ వదిలి పక్కకు పోవడం, ఒకే వర్ణన ముగ్గురు వీరులకు వాడటం. అలిసెట్టి గాలెయ్య పాడగా విని, జీన్ రోఘేర్ అనే పరిశోధకుడు ఆ కథను ఇంగ్లీషులోకి అనువదించి, అధ్యయనంతో సహా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించాడు. అచ్చయిన శ్రీనాథుడి ద్విపదకూ ఈ పాటకూ తేడాలు చాలా ఉన్నాయి. ఏది సరైన పాఠం అనే ప్రశ్నకు అక్కడ అర్థం లేదు. పునరుక్తి పుస్తకంలో దోషం. తెల్లవార్లూ పాడేవాడికి అది ఊపిరి తీసుకునే చోటు, తర్వాతి ఘట్టాన్ని గుర్తుచేసుకునే చోటు, అప్పుడే వచ్చి కూర్చున్నవాడికి కథ అందించే చోటు. దోషమనేది రచనలోనే కాదు, దాన్ని కొలిచే కొలబద్దలో కూడా ఉంటుందని కారెంపూడి పాట నేర్పినంతగా నాకు యూనివర్సిటీ పాఠాలు నేర్పలేదు.

ఈ వీరచరిత్రను 1911లో పీఠికతో ప్రకటించినవాడు అక్కిరాజు ఉమాకాంతం. పల్నాటివాడే. 1889లో పుట్టాడు, అప్పటికి ఇరవైల్లో ఉన్న యువకుడు. ప్రాసలేని ఒక దేశి కావ్యాన్ని, ఆదరణ లేని వీరగాథను తలకెత్తుకోవడానికి ఆ రోజుల్లో చాలా మమకారం ఉండాలి. ఆ మనిషే 1928లో ‘నేటి కాలపు కవిత్వం’ రాశాడు. భావకవుల మీద అంత కఠినమైన గ్రంథం తెలుగులో మరొకటి రాలేదు. పూర్వపక్షం చెప్పి సమాధానం చెప్పే శాస్త్రపద్ధతిలో, ఒక్కొక్క దోషాన్నీ పేరుపెట్టి పిలిచి శిక్షించాడు. ఆ పుస్తకాన్ని ఛాందసమని తోసేసేవాళ్లతో నేను ఏకీభవించను. భావకవిత్వంలో అయోమయం ఉందన్న ఆరోపణ అన్యాయం కాదు. తర్వాత అభ్యుదయ విమర్శకులు చేసిన ఆరోపణల్లో కొన్నింటికి బీజాలు అక్కడే ఉన్నాయి. నాకు అంతుపట్టనిది వేరే. చచ్చిపోయిన వీరుల పాటకు ప్రాస లేకపోయినా మన్నించగలిగినవాడు, కళ్లముందు తడబడుతూ కొత్తదారి వెతుక్కుంటున్న బతికున్న కవిని ఎందుకు మన్నించలేకపోయాడు? పాతదానికి చరిత్ర అండగా నిలబడింది. కొత్తదానికి ఇంకా చరిత్ర లేదు. విమర్శకుడు చూపవలసిన ఓర్పు ఈ రెండోదానికే గదా కావలసింది!

అదే 1928లో పద్దెనిమిదేళ్ల కుర్రాడొకడు ‘ప్రభవ’ అనే పద్యాల పుస్తకం వేశాడు. శ్రీశ్రీ మొదటి పుస్తకం అది. అందులో సొంత గొంతు లేదు, పెద్దల గొంతులున్నాయి. ఉమాకాంతం కొలతకే కాదు, ఇవాళ్టి మన కొలతకు కూడా అది నిలవదు. ఐదారేళ్లకే అతను మహాప్రస్థానం గీతాలు రాయడం మొదలుపెట్టాడు. అవి పుస్తకంగా వచ్చింది 1950లో. ప్రభవను రాయకుండా మహాప్రస్థానానికి దగ్గరిదారి ఏమైనా ఉండేదని ఎవరైనా చెప్పగలిగితే వినాలని ఉంది.

ఇక జాషువ. 1895లో వినుకొండలో పుట్టాడు. ఆ ఊరు 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలో ఉంది. ఈ కవికి రెండు వైపుల నుంచీ లోపాల జాబితాలు అందాయి. కవిత్వాన్ని కులంతో తూచే సభలు ఆయన పద్యం వినకముందే ఆయనలో లోపం కనిపెట్టాయి. మనవైపు నుంచి వచ్చిన ఆక్షేపణ మరో రకం. లోకం గేయంవైపూ వచనకవితవైపూ పోతుంటే ఈయన పాత వృత్తాలు పట్టుకున్నాడు, అంటరానితనం మీద తిరగబడమనక దేవుడికి అర్జీ పెట్టుకున్నాడు, ఇది సంస్కరణవాదం. 1941 నాటి ‘గబ్బిలం’ గురించి ఈ మాటలు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నాయి. కావ్యవస్తువు పలచనిది, దారి పొడవునా దేశవర్ణన ఎక్కువైంది అనేవాళ్లూ ఉన్నారు. అవి అబద్ధాలు కావు. దేశవర్ణన నాకూ కొన్నిచోట్ల ఎక్కువే అనిపిస్తుంది.

అయితే గబ్బిలాన్నే దూతగా ఎందుకు ఎంచుకున్నాడో చూడండి. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది. గుడిలో అడుగుపెట్టనివ్వని మనిషికి మేఘం ఏం పని చేసిపెడుతుంది? గుడిలోకి పోగలిగింది, తలకిందులుగా వేలాడుతూనే దేవుడి చెవి దగ్గర ఉండగలిగింది, పైగా జనం అశుభమని తరిమేది గబ్బిలం. మనిషికి లేని ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క ఊహలో ఉన్న ఆగ్రహం నినాదాలున్న పది కవితల్లో లేదు. శివుడికి సందేశం పంపడం ఆయన ఆలోచనకున్న పరిమితి. దూతను ఎంచుకోవడం ఆయన శక్తి. పరిమితి కాలానిది కూడా. ఆ శక్తి ముందు ఈ లోపం ఎంత? ఆనందవర్ధనుడి సూత్రం ఇంత చక్కగా రుజువైన చోటు నాకు ఆధునిక సాహిత్యంలో వేరే కనపడలేదు.

జాషువ శ్మశానపు పద్యాల సంగతి కూడా చెప్పాలి. అవి హరిశ్చంద్ర నాటకం కోసం రాసినవి కావు. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో కాటిసీను ఆడే నటులు వాటిని తెచ్చి కలుపుకున్నారు. నాటకకర్త దృష్టితో చూస్తే అది అతుకు. సత్యహరిశ్చంద్రుడి నోట ఇరవయ్యో శతాబ్దపు వినుకొండ కవి పద్యం కాలదోషం. పల్నాటి పల్లెల్లో నాటకం చూసినవాళ్లను అడగండి, ఆ అతుకు తీసేస్తే ఒప్పుకుంటారేమో! రాగం తీసే నటుడికి ఆ పద్యం అవసరమైంది, తెచ్చుకున్నాడు. కళాకారుడి తపనకు హద్దురాళ్లు తెలియవు.

ఇంత చెప్పినందుకు, ఎలా రాసినా ఫరవాలేదని నేనంటున్నట్టు కొందరు మిత్రులు అర్థం చేసుకోవచ్చు. ఆనందవర్ధనుడు చెప్పిన రెండు దోషాలకు తోడు మూడోది ఒకటి ఉంది, అశ్రద్ధ. దానికి మన్నింపు అక్కర్లేదు. సహజత్వం పేరుతో మొదటి చిత్తునే అచ్చుకు పంపేవాళ్లు, మాండలికమంటూ పల్నాటి మాటను చెవితో వినకుండానే ఇష్టమొచ్చినట్టు విరిచేవాళ్లు ఉన్నారు. అది కళ మీద ఇష్టం కాదు, తన పేరు మీద ఇష్టం. జాషువ అవమానాలు పడుతూనే సంస్కృతకావ్యాలు చదువుకున్నాడు. పొట్టకూటికి మూకీ సినిమాలకు కథ చదివి వినిపించాడు, బడిపంతులు పని చేశాడు, పద్యం మాత్రం వదల్లేదు. ముప్పై ఏళ్లు కూర్చుని షానామా రాసి, అన్న మాట తప్పిన సుల్తాను చేతిలో మోసపోయిన ఫిరదౌసి కథను ఆయన కావ్యంగా ఎత్తుకోవడం కాకతాళీయం కాదు. తపన ఉన్నవాడు తన తప్పును తనే ఎక్కువసార్లు దిద్దుకుంటాడు. దిద్దుకుంటూనే ముందుకు పోతాడు, దిద్దడం పూర్తయ్యేదాకా ఆగిపోడు.

మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి సెలవుల్లో ఏంచేశారో రాయమంటే మిరపకోతల గురించి రాసింది. ఒత్తులు తప్పు, వాక్యాలు ఒకదాంట్లోకి ఒకటి జారిపోయాయి. కాని కోతకు పోయిన మొదటి రోజు రాత్రి మంట వల్ల చెల్లెల్ని ఎత్తుకోలేక, మోచేతులతో దగ్గరికి తీసుకున్నానని ఒక వాక్యం ఉంది. ఎర్రసిరాతో ఒత్తులన్నీ దిద్దాను, అది నా ఉద్యోగం. ఆ వాక్యం కింద గీత గీసి, ఇలాంటివి ఇంకో నాలుగు రాయమన్నాను. ఇది విమర్శకుడి ఉద్యోగం కూడా అనుకుంటాను. మొదటి పని మనవాళ్లు బాగానే చేస్తున్నారు.

క్రిందటేడు ఒక కార్యశాలలో పురుగుమందుల కొట్లో గుమాస్తాగా పనిచేసే యువకుడు కథ చదివాడు. పత్తి పోయిన కౌలురైతు అప్పు తీర్చమని అడగడానికి కొట్టు యజమాని గుమాస్తానే పంపుతాడు. గుమాస్తా వెళ్తాడు, మంచినీళ్లు తాగుతాడు, అడగకుండా తిరిగొస్తాడు, ఇంట్లో ఎవరూ లేరని యజమానికి అబద్ధం చెబుతాడు. అంతే కథ. గుమాస్తా ఎందుకు తిరగబడలేదు, రైతుల సంఘటిత శక్తి ఎక్కడ, మధ్యతరగతి ఊగిసలాటను సమర్థిస్తున్నారా అని గంటసేపు చర్చ జరిగింది. ఆ మంచినీళ్ల గ్లాసు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. రైతు భార్య దాన్ని కడిగి, కొంగుతో తుడిచి, మళ్లీ కడిగి ఇస్తుంది. అప్పిచ్చినవాళ్ల మనిషికి ఇచ్చే గ్లాసు అలా ఉంటుంది. దాన్ని చూసినవాడు రాసిన కథ అది. మధ్యలో రెండు పేజీలు అనవసరం, యజమాని పాత్ర సినిమాలోంచి వచ్చింది. ఇవి నేనూ చెప్పాను. చివరి అబద్ధం మాత్రం కథకు ప్రాణం. అది మారిస్తే మిగిలేది తీర్మానం.

జిల్లా కథల సంకలనం వేయాలనే ఆలోచన ఉందని విన్నాను. ఆ యువకుణ్ణి అడిగి కథ నా దగ్గర పెట్టుకున్నాను. మధ్య పేజీలు అతను తిరగరాస్తున్నాడు. సంపాదకులు కోరితే పంపుతాం, ముగింపు ఉన్నదున్నట్టుగా.