చెరకు వెంట ఇద్దరం

భార్యాభర్తలు కలిసి ఊళ్లు చూడబోవడం కూడా నేర్చుకోవాల్సిన పనే. మా నిజామాబాద్ వైపు జంటగా పోయేది బాసరకో, కందకుర్తి సంగమానికో, అలీసాగర్ తోటకో. టిఫిన్ గిన్నెలు విప్పుకుని తిని, పొద్దుగూకేలోపు ఇల్లు చేరతాం. ఇప్పుడు పిల్లలు విదేశాల్లో స్థిరపడి అమ్మానాన్నల్ని యూరప్ టూర్‌కు పంపే రోజులొచ్చాయి. బస్సు దిగడం, ఫొటో తీసుకోవడం, బస్సెక్కడం. రోమ్ అయిపోయింది, నీస్ అయిపోయింది అని లెక్క పెట్టుకోవడం. ఇంటికొచ్చాక ఏ ఫొటో ఏ ఊరిదో తేలక వాదులాడుకోవడం.

మధ్యధరా తీరానికి బయలుదేరే ముందు మేం ఒక షరతు పెట్టుకున్నాం. మనకు బాగా తెలిసిన వస్తువొకటి పట్టుకుని, అది ఎటు తీసుకుపోతే అటు పోదామని. బోధన్ వాళ్లం కాబట్టి ఆ వస్తువు చెరకే అయింది. మా ఆయన బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం ఉడికించే పాన్‌మ్యాన్‌గా పనిచేశారు. మా పుట్టింటివాళ్లు అదే ఫ్యాక్టరీకి చెరకు తోలిన రైతులు.

చెరకు మన దేశం నుంచి పర్షియాకు, అక్కడి నుంచి అరబ్బుల చేతుల మీదుగా మధ్యధరా చుట్టూ పాకింది. సైప్రస్‌లో కొలోస్సీ కోట పక్కన మధ్యయుగాల నాటి చక్కెర మిల్లు గోడలు ఇంకా నిలిచే ఉన్నాయి. మేం ఎంచుకున్నది స్పెయిన్‌లో గ్రనాడాకు దిగువన ఉన్న తీరం, మోత్రిల్, సలోబ్రేన్యా ఊళ్లు. వెనక సియెర్రా నెవాడా మంచుకొండలు ఉత్తరపు చలిగాలిని అడ్డుకోబట్టి ఆ కాస్త నేలలో వందల ఏళ్లు చెరకు పండింది. ఆఖరి కోత 2006లో. సలోబ్రేన్యా దగ్గరి ఆఖరి ఫ్యాక్టరీ కూడా ఆ ఏడే మూతపడింది. ఇప్పుడు ఆ చేలల్లో అవకాడో, మామిడి, మన సీతాఫలానికి చుట్టమైన చెరిమోయా. నేను ఆ కాయల దగ్గర ఆగిపోతే, ఆయన పాత పొగగొట్టాల దగ్గర ఆగిపోయారు.

మోత్రిల్‌లో 1984లో ఆగిన ఎల్ పిలార్ చక్కెర ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు. పాత ఆవిరి యంత్రాలు, చెరకు నలిపే మరలు చూసి నాకు ముచ్చటేసింది. "మన దగ్గర గూడ గిట్ల చేస్తే మంచిగుండు" అన్నాను. 1937లో పెట్టిన మా శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ, నిజాం షుగర్స్‌కు నిజాంసాగర్ కాలువ కింద పండిన చెరకు వచ్చేది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. యంత్రాలు తుప్పు పట్టేకంటే పిల్లలు వచ్చి చూసేలా ఉంచడం నయం కదా అని నా వాదన.

ఆయన ఒప్పుకోలేదు. "వీళ్లకు చెరకే లేకపాయె, మ్యూజియం పెట్టుకున్నరు. మనకు నేలున్నది, నీళ్లున్నయి, రైతులున్నరు. మ్యూజియం పెట్టుడంటే ఇగ ఫ్యాక్టరీ నడవదని ఒప్పుకునుడే" అన్నారు. అని, పాకం ఏ మూల ఉడికేదో వెతకడం మొదలుపెట్టారు. గాజు పలక మీద చుక్క వేసి గింజ కట్టిందీ లేనిదీ ఎలా చూసేవారో చెబుతుంటే, షిఫ్టు ఎక్కిన మనిషిలా ఉన్నారు.

ఆ వాదన సముద్రం ఒడ్డున భోజనాల దగ్గర సాగింది, మర్నాడు బస్సులోనూ సాగింది. ఒక్కదాన్నే వెళ్లి ఉంటే, మ్యూజియం బాగుందని రాసి ఊరుకునేదాన్ని. పక్కన ఆయన ఉండబట్టి, పని ఆగిపోయిన చోటును చూడముచ్చటగా మలచడం ఎవరికి ఊరట, ఎవరికి కడుపుకోత అన్న ప్రశ్న నాకు తగిలింది. నిజాం షుగర్స్ పునరుద్ధరణకు 2024లో ప్రభుత్వం కమిటీ వేసింది. బోధన్‌లో ఆశ చావలేదు. అందుకని నా కోరికను కొంచెం సవరించుకున్నాను. ముందు ఫ్యాక్టరీ నడవాలి. నడిచే ఫ్యాక్టరీలోనే పాత యంత్రాలకు ఒక గది ఇవ్వాలి. ఆ గది సంగతి ఆయన ఇంకా ఒప్పుకోలేదు.

టూర్‌కు బయలుదేరే జంటలకు నేను చెప్పేది ఇంతే. ఆర్మూరు వాళ్లయితే పసుపు, బీడీలు చుట్టినవాళ్లయితే పొగాకు, మీ బతుకుతో ముడిపడ్డ వస్తువేదైనా వెంట పెట్టుకుని వెళ్లండి. చూసిన ఊళ్ల పేర్లు చెబితే చుట్టాలు తలాడించి లేచిపోతారు. మీ ఇద్దరికీ ఎక్కడ మాట కుదరలేదో చెప్పండి, ఇంకో చాయ్ అడిగి కూర్చుంటారు.