అటక మీది గిటారు

1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది. ఆ స్టేషను పాటలు వినిపించిన వాల్వు రేడియో అమరావతి పక్క ఊళ్లలో ఏ అటక మీదో ఇంకా ఉండే ఉంటుంది. దాన్ని గిటారుకు గొంతుగా మార్చే పనితనం మిరప చేల మోటార్లు బాగుచేసే వైండింగు షాపులోనే ఉంది. పాత ట్రాన్స్‌ఫార్మరు విప్పితే వెంట్రుకంత సన్నటి రాగి తీగ. గిటారు కోసం ఆ తీగను అయస్కాంతం చుట్టూ వేల చుట్లు తిప్పి కాయిలు చేయాలి; తెగిందా, మళ్లీ మొదటికే. ఎంత ఓపికో! దాని పైన గిటారు ఉక్కు తీగ మీటితే కాయిల్లో కరెంటు పుడుతుంది. రేడియో వెనక గ్రామఫోను సాకెట్టు ఉంటే, కాయిలును అందులో కలిపితే స్పీకరు పలుకుతుంది. పాత వస్తువులతో గిటారు చేయడం కొత్తేమీ కాదు: 1963లో రాక్ గిటారిస్టు బ్రయన్ మే, తండ్రితో కలిసి పాత చలిమంట గూటి చెక్కతో గిటారు తయారీ మొదలుపెట్టాడు. మీ అటక మీది రేడియోను తూకానికి వేయకండి. ముందు మెకానిక్కుకు చూపించండి.