జర్మను వలససేనల లేఖ్యప్రామాణ్యము

1904వ సంవత్సరమున నైరృతి ఆఫ్రికాలో (నేఁటి నమీబియా) హెరెరోజాతిపైఁ జేసిన యుద్ధమును గూర్చి జర్మను ప్రధాన సేనాకార్యాలయము 1906లోఁ బ్రకటించిన గ్రంథము క్రమము చెడక విశదముగ నున్నది. కాని శత్రునాశనమును నిర్జలమగు ఒమహేకే యెడారియే పూర్తిచేసెనని యది కొనియాడుచున్నది. సేనాలేఖ్యములు పెక్కులు 1945 ఏప్రిలునఁ బోట్స్‌డాములో దగ్ధములైనంతమాత్రమున నీ గ్రంథమును మూలప్రమాణముగఁ గొనుట యుక్తము గాదు. జర్మను సరిహద్దులోఁ గనఁబడిన ప్రతి హెరెరోను, ఆయుధమున్నను లేకున్నను, కాల్పింతునని ట్రోటా సేనాని 1904 అక్టోబరు 2న వెలువరించిన శాసనపుఁ బ్రతి వలసశాఖ దస్త్రములలో నిలిచియున్నది. నీటిగుంటలకడ నడ్డగించినవారు సైనికులు, ఎడారి కాదు. హెరెరోల వాఙ్మూలములు 1918లో నాంగ్లేయులు ముద్రించిన నివేదికలోఁ గలవు. వారికిని ఆ దేశమును గైకొనవలెనను కోరిక యుండెను గావున, నా నివేదికను శాసనప్రతితోఁ బోల్చి చదువుట పరిశోధకుల విధి.