ఛాయ ఎవరిది? శని కథ, సింహిక ఘట్టం, నేటి 'స్వీయాన్వేషణ' పరిభాష

జాతకం చాలాకాలం పెళ్లి పొంతనకూ, ముహూర్తానికీ, పరిహారానికీ పనికివచ్చిన పత్రం. ఇటీవల దానికి మరో పని అప్పగిస్తున్నారు. రాబోయేది తెలుసుకోవడానికి కాక, తనలో దాగి ఉన్నదాన్ని గుర్తించడానికి జన్మకుండలిని చదవాలంటున్నారు. దీనికి 'షాడో వర్క్' అనే మాట తోడైంది. మనిషి తనవిగా ఒప్పుకోలేని లక్షణాలను చేతన వెలుగుకు అవతల ఉంచి, వాటినే ఎదుటివారిలో చూస్తాడని కార్ల్ యూంగ్ ప్రతిపాదించాడు. ఆ చీకటి భాగానికి ఆయన పెట్టిన పేరును మనం 'ఛాయ' అని అనువదించుకుంటున్నాం. శనిగ్రహంపై లిజ్ గ్రీన్ 1976లో వెలువరించిన పుస్తకం ఆ ఛాయకు పాశ్చాత్య జ్యోతిషంలో ఒక చోటు చూపించింది. తెలుగులోకి వచ్చేసరికి ఈ సమీకరణం మరీ సులువైంది. శని ఛాయాపుత్రుడు, రాహుకేతువులు ఛాయాగ్రహాలు. దాంతో అనువాదపదమే సాక్ష్యంగా చెలామణి అవుతోంది. ఆ సులువును ప్రశ్నించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యూంగ్ విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1952లో ప్రచురించిన వ్యాసంలో ఆయన 483 వివాహిత జంటల జాతకాలను పరిశీలించాడు. మొదటి విడతలో పొంతన ఉన్నట్లు తోచిన ఫలితం జంటల సంఖ్య పెరిగేకొద్దీ పలచబడిన సంగతి ఆయనే నమోదు చేశాడు. ఆయన పేరును వాడుకునేవారు ఈ జాగ్రత్తను మాత్రం వెంట తెచ్చుకోలేదు.

మనకు ముఖ్యమైనది పురాణకథ. మారన తెనిగించిన మార్కండేయ పురాణంలో ఛాయ ఎవరి మనసులోనూ అణగి ఉన్న అంశం కాదు. సూర్యుని తేజస్సును భరించలేక సంజ్ఞ తన స్థానంలో నిలిపి వెళ్లిన ప్రతినిధి ఆమె. ఇల్లు నడుపుతుంది, పిల్లలను కంటుంది. భర్తకు తేడా తెలియదు. తెలిసింది సవతి కొడుకు యమునికి. తన బిడ్డలపై ఒక ప్రేమ, సంజ్ఞ బిడ్డలపై మరొకటి చూపడం అతణ్ణి నొప్పించింది. కోపంతో అతడు కాలెత్తాడు, ఆమె శపించింది. కన్నతల్లి ఇలా శపించదని యముడు తండ్రితో మొరపెట్టుకున్న తరువాతే నిజం బయటపడింది. అంటే ఈ కథలో ఛాయను పట్టిచ్చినది అంతర్ముఖ దృష్టి కాదు, పంక్తిలో జరిగిన వలపక్షం. దాన్ని మొదట గుర్తించినవాడు నష్టపోయిన పిల్లవాడు.

ఆ తరువాతి భాగాన్ని వ్యాఖ్యాతలు తరచూ వేగంగా దాటిపోతారు. విశ్వకర్మ సూర్యుణ్ణి సానపట్టి తేజస్సు తగ్గించాడు. ఛాయను ఎవరూ దిద్దలేదు. ఆమెను అవసరం చేసిన వేడిని తగ్గించారు. 'నా ఛాయను నేను స్వీకరిస్తున్నాను' అనే నేటి సంకల్పవాక్యంలో ఈ సూర్యునికి చోటు లేదు.

రెండవ ఆధారం నాగర్‌కర్నూల్ నేలకు సంబంధించినది. రంగనాథ రామాయణ కర్తగా ప్రసిద్ధుడైన గోన బుద్ధారెడ్డి వంశీయులు ఏలిన వర్ధమానపురం నేటి నంది వడ్డెమాను. అదే ఊరు ఇప్పుడు శనేశ్వరాలయానికి పేరుపొందింది. ఏలినాటి శని ఉందన్నవారు అక్కడికి తైలాభిషేకానికి వస్తారు. కావ్యానికీ ఆలయానికీ కార్యకారణ సంబంధం కల్పించడం నా ఉద్దేశం కాదు. అయితే అక్కడి భక్తుడు అనే 'శని పట్టింది' అన్న మాటకూ, సుందరకాండలోని సింహిక ఘట్టానికీ మధ్య ఉన్న క్రియ ఒక్కటే. గ్రహం అంటే పట్టుకునేది. సముద్రంలోని సింహిక హనుమంతుని దేహాన్ని కాదు, నీడను పట్టి గమనాన్ని ఆపింది. (రాహువు తల్లి పేరూ సింహికే, ఇద్దరూ ఒకరేనా అన్నది వేరే చర్చ.) వాల్మీకంలో హనుమంతుడు ఆమెను గుర్తించినది సుగ్రీవుడు ముందే చెప్పి ఉండటం వల్ల. తరువాత ఆమె నోటి పరిమాణాన్నీ మర్మస్థానాలనూ చూసుకుని, దేహం కుదించి లోపలికి ప్రవేశించి చీల్చి బయటపడ్డాడు. దీన్ని అంతరంగ ప్రవేశానికి ప్రతీకగా చదవవచ్చు. ఆ పఠనానికి ఆకర్షణ ఉంది. కానీ నోరు సింహికది, నీడ హనుమంతునిది. ఈ రెండింటినీ ఒకే మనసులో కలిపేస్తే పట్టినవారెవరన్న ప్రశ్న మాయమవుతుంది.

పాలమూరులో ఆ ప్రశ్న మాయం కావడం చిన్న విషయం కాదు. కరవు, అప్పు, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు కలిసి 'పాలమూరు లేబర్'ను దేశం నలుమూలలకూ నడిపించాయి. ఆ కష్టాన్ని ఏలినాటి శని అంటే కూలీపై నింద పడదు. కానీ నిలదీయడానికి ఎదురుగా మనిషి ఉండడు. అదే కష్టాన్ని ఆమె లోపలి ఛాయ అంటే నింద కూడా ఆమెకే చుట్టుకుంటుంది. ఈ రెంటిలో పాత నమ్మకమే కొంత దయగలది అని నా అభిప్రాయం. దానికి కనీసం ఏడున్నరేళ్ల గడువుంది.

గద్వాల ప్రాంతంలో పుట్టి, 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైన సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాల్లోని నమ్మకాలను సమాజానికి సంబంధించిన ఆధారాలుగా చదివారు. ఆ దారి ఇక్కడా పనికివస్తుంది. ఈ మూడు జిల్లాల వలస కథల్లో, పాటల్లో 'శని' అనే మాట ఎక్కడెక్కడ వస్తుందో సేకరించవలసి ఉంది. అది కూలీ తన గురించి అంటున్న మాటా, మేస్త్రీ ఆమెను ఉద్దేశించి అంటున్న మాటా, లేక ఊళ్లో మిగిలిన ముసలితల్లి వానను తిడుతున్న మాటా అన్నది ప్రతి చోటా విడివిడిగా గుర్తించాలి.