పాత పిస్టల్‌కి కొత్త స్ప్రింగు

కలకత్తాలో లైసెన్సున్న పాత పిస్టల్ ఇంట్లో పెట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. తండ్రి నుంచో మామగారి నుంచో వచ్చినవే ఎక్కువ. ఎవరిని కదిపినా ఒకటే మాట: “బెల్జియం సరుకండీ, ఇప్పటివాటిలా కాదు, ఇంకో వందేళ్లు పనిచేస్తుంది.” ఆ మాటలో సగం నిజం. ఆ సగాన్ని నమ్ముకుని రోజూ నడుముకి పెట్టుకు తిరిగేవాళ్ల గురించే నా బెంగ.

మా ఇంట్లో ఉన్నది మామగారి బ్రౌనింగ్ 1922. బెల్జియంలో ఎఫ్.ఎన్. కంపెనీ తయారీ. అంతకుముందున్న 1910 మోడల్‌కి బ్యారెల్ పొడుగు పెంచి, యుగోస్లావియా సైన్యం కోసం మొదలుపెట్టిన పిస్టల్ ఇది. .32 బోరు, మ్యాగజైన్‌లో తొమ్మిది తూటాలు పడతాయి. 1940లో జర్మన్లు ఆ ఫ్యాక్టరీని చేజిక్కించుకుని తమ సైన్యానికీ ఇదే చేయించుకున్నారు. మాది ఆ కాలం నాటిది. ఇనుము మీద చిన్న గద్ద ముద్ర, కింద 140 అన్న అంకె ఉంటాయి. యుద్ధం ముగిశాక మిగులు సరుకై, చేతులు మారి మారి ఈ ఊరు చేరింది. మామగారు హౌరాలో కాంట్రాక్టులు చేసేవారు. కూలీల జీతాలకి బ్యాంకు నుంచి నగదు తెచ్చే రోజున ఇది ఆయన నడుముకి ఉండేది. ఆయన పోయాక లైసెన్సు నా పేరుకి మారింది.

ఇలాంటివాటికి ఇంత గిరాకీ ఎందుకంటే కొత్త విదేశీవి రావు కాబట్టి. 1980ల మధ్య నుంచి మామూలు మనుషులు విదేశీ తుపాకులు తెప్పించుకునే దారి మూసుకుపోయింది. 9 ఎంఎం, .38, .45 బోర్లు మనకి నిషిద్ధం. పిస్టళ్లలో ప్రధానంగా మిగిలింది .32. ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు చేసే ‘అశని’ ఉంది, అదీ ఆ 1910 బ్రౌనింగ్ పోలికే. అందుకే డల్హౌసీ చుట్టుపక్కల దుకాణాల్లో పాత బ్రౌనింగ్, పాత వాల్తర్ ధర వింటే గుండె ఆగుతుంది. ఆ ధర దొరకనితనానికి కట్టింది. బాగా పేలుతుందనే భరోసాకి కాదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం దగ్గరే చిక్కంతా వస్తోంది.

ఇనుము విషయంలో మన పెద్దవాళ్ల మాట నిజమే. సరైన తూటాలు వాడి, తుప్పు పట్టనివ్వకపోతే స్లైడ్, బ్యారెల్, ఫ్రేము మనల్ని దాటి బతుకుతాయి. ముందుగా అలిసిపోయేవి చిన్న వస్తువులు. 1922లో రికాయిల్ స్ప్రింగు బ్యారెల్ చుట్టూ ఉంటుంది. ముందున్న ముక్కుభాగాన్ని నొక్కి తిప్పితే ఊడివస్తుంది. అజాగ్రత్తగా ఉంటే స్ప్రింగు ఎగిరి గదిలో ఏ మూలో పడుతుంది. మాది తుపాకుల మిస్త్రీ దగ్గర విప్పించి, ఆయన కొత్తగా చుట్టిన స్ప్రింగు పక్కన పెట్టి చూస్తే పాతది పొట్టిగా కుంగిపోయి ఉంది. స్ప్రింగు బలం తగ్గితే స్లైడ్ వెనక్కి మరీ విసురుగా కొట్టుకుంటుంది, ముందుకి వచ్చేటప్పుడు మాత్రం తూటాని పూర్తిగా లోపలికి తోయలేదు. చూడటానికి పిస్టల్ నిగనిగలాడుతూనే ఉంటుంది.

తర్వాత మ్యాగజైన్. నన్నడిగితే పాత పిస్టల్ ప్రాణం అక్కడే ఉంది. .32 తూటా అడుగు అంచు దాని ఒంటికన్నా ఒక వెంట్రుక వెడల్పు. నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనక్కి జారిందా, రెండూ కొక్కెం వేసుకున్నట్టు పట్టుకుంటాయి, పైది కదలదు. మ్యాగజైన్ పై అంచులు సాగిపోయినా, లోపలి స్ప్రింగు నీరసించినా, బస్సులోనూ స్కూటరు మీదా రోజంతా కుదుపులు తిన్నా ఇలా జరగొచ్చు. పోనీ ఇంకో మ్యాగజైన్ కొందామంటే అన్నీ అన్నిటికీ పట్టవు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి సైన్యం కోసం స్పెయిన్‌లో చిన్నాచితకా కంపెనీలు ఎన్నో ‘రూబీ’ పిస్టళ్లు చేశాయి. ఒకరి మ్యాగజైన్ ఇంకొకరి పిస్టల్‌లో పట్టక సైనికులే అవస్థ పడ్డారు.

మన ఊరి గాలి సంగతి వేరే చెప్పాలా! ఆషాఢం నుంచి దుర్గాపూజల దాకా గోడలే చెమర్చే చోట తోలు హోల్‌స్టర్‌లో పిస్టల్ ఉంచితే, తోలు పీల్చిన చెమటా తేమా ఇనుముకే చేరతాయి. మామగారి పాత హోల్‌స్టర్‌లోని తూటాల ఇత్తడి మీద ఆకుపచ్చని చిలుము పట్టింది. ఆయన పెట్టెలో మిగిలిన తూటాలు షూటింగ్ రేంజిలో కాలిస్తే కొన్ని పేలలేదు. పేలనప్పుడు పిస్టల్‌ని లక్ష్యం వైపే ఉంచి అరనిమిషం ఆగడం అక్కడి నియమం. మీదికి వచ్చినవాడు అరనిమిషం ఆగడు కదా.

పాత పిస్టల్‌ని నమ్మొచ్చనడానికి ఇక్కడి మిత్రులు రోడ్డా మౌజర్ల ఉదాహరణ తెస్తారు. 1914 ఆగస్టు 26న, తుపాకులమ్మే రోడ్డా కంపెనీ గుమాస్తా శ్రీశ్ మిత్ర కస్టమ్స్ నుంచి సరుకు విడిపించి, ఒక ఎద్దుబండిని విప్లవకారులకి మళ్లించాడు. 50 మౌజర్ పిస్టళ్లు, 46,000 తూటాలు. మరుసటి సంవత్సరం సెప్టెంబర్ 9న బాలాసోర్ దగ్గర విప్లవ నాయకుడు బాఘా జతిన్ బృందం పోరాడింది మౌజర్లతోనే. ఆ కథ తలుచుకుంటే నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కానీ అవి పెట్టె విప్పని కొత్త పిస్టళ్లు. ఒక్కోదానికీ 900 పైచిలుకు కొత్త తూటాలు వచ్చాయి. ఆచార్య ప్రఫుల్ల చంద్ర రోడ్డులోని పోలీసు మ్యూజియంలో అద్దం వెనక మౌజర్‌ని చూసి, మన ఇంట్లో డెబ్బై ఎనభై ఏళ్ల పిస్టల్ కూడా అలాగే పేలుతుందని నమ్మడం న్యాయం కాదు.

అమెరికాలో మన తెలుగు పిల్లలు కొందరు పోలండ్, చెక్ సైన్యాల మిగులు పిస్టళ్లు చవగ్గా కొని వాడుతున్నారని వింటుంటాను. వాళ్లకి స్ప్రింగులు పోస్టులో వస్తాయి, తూటాలు కావలసినన్ని దొరుకుతాయి. వందలు కాల్చి చూసుకున్నాకే నడుముకి పెట్టుకునే వీలుంది. మనకి తూటాలు లైసెన్సు పుస్తకంలో రాసినన్నే. ఆ కాసినీ దాచుకుంటాం, కాల్చి చూడం. చూడనిదాన్ని నమ్ముతాం.

మరొకటి ఇంకా గట్టిగా చెప్పాలి. బ్రౌనింగ్ 1922కి పిడి వెనక ఒక సేఫ్టీ, పక్కన ఒక సేఫ్టీ ఉన్నాయి. ఇప్పటి పిస్టళ్లలో లాగా ఫైరింగ్ పిన్‌ని అడ్డగించే ఏర్పాటు మాత్రం లేదు. బ్యారెల్‌లో తూటా ఉందంటే ఫైరింగ్ పిన్ వెనక బిగిసిన స్ప్రింగు కాచుకుని ఉన్నట్టే. దాన్ని పట్టి ఉంచే కొక్కెం ఎనభై ఏళ్లలో ఎంత అరిగిందో బయటికి కనపడదు. కిందపడితే ఏమవుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

నా మటుకు నేను స్ప్రింగులు మార్పించాను, మ్యాగజైన్ సరిచేయించాను, పాత తూటాలు లైసెన్సున్న దుకాణంలో అప్పగించాను. ఇప్పుడది రేంజిలో బాగానే పేలుతోంది. అయినా నడుముకి పెట్టుకుని వీధిలోకి వెళ్లను. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే వచ్చే లైసెన్సు రెన్యువల్ దాకా ఆగకండి. ఖాళీ చేసి, తెలిసిన మిస్త్రీకి చూపించండి, తూటాలు కొత్తవి తీసుకోండి, రేంజిలో కాల్చి చూడండి. ఇవేవీ కుదరవంటే డీలరు దగ్గర డిపాజిట్ చేసెయ్యండి. బ్యారెల్‌లో తూటా పెట్టి మాత్రం దయచేసి ఎవరూ తిరగకండి.