జైలు గేటు దగ్గర ఆగిపోయే కథ

2002 నాటి 'ఇంద్ర' చిత్రంలో సీమ నాయకుడు కాశీ వెళ్ళి టాక్సీ నడుపుతాడు. తిరిగివస్తే జనం నీరాజనం పడతారు. అటువంటి నాయకుల మాటమీద కత్తిపట్టి జైలుకు పోయిన కూలివాని గతి ఏమిటని నా ప్రశ్న. కడప కేంద్ర కారాగారం నుండి విడుదలై జమ్మలమడుగులోనో, పులివెందులలోనో బస్సు దిగేవానికి ఏ కాశీ లేదు. జైలులో నేత నేర్చినా, ప్రొద్దుటూరులో మగ్గం దొరకాలంటే పూచీపడే మనిషి కావాలి. అందుకు పాత నాయకుడొక్కడే ముందుకొస్తాడు; ఆ పూచీకి వెల మళ్ళీ కత్తే. కనుక ఇది స్వభావదోషం కాదు, ఆర్థిక బంధం. నేరస్థుడు మారగలడని 1958 నాటి ప్రొబేషన్ చట్టం సైతం ఒప్పుకున్నది. మన ఫాక్షన్ కథ మాత్రం ఒప్పుకోలేదు. పని, పొరుగువాని నమ్మకం లేని విడుదల విడుదల కాదు. అభ్యుదయ రచయిత కథ ఆ బస్సు దిగినచోట మొదలుకావాలి.